బొగ్గింజను డ్రాయింగుల కోసం మాంచెస్టర్, యార్క్

లాలాగూడ వర్క్‌షాపులో ముప్పై ఏళ్ళు లేత్ మీద నిలబడి రిటైరయ్యాక, ఇంట్లో ఖాళీగా కూర్చోలేక ఒక పని నెత్తికెత్తుకున్నాను. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే (బీఎన్ఆర్) వాళ్ళ ఎన్ క్లాసు గ్యారట్ ఇంజనుకు ఐదంగుళాల గేజిలో, అంటే పట్టాల మధ్య ఎడం ఐదంగుళాలు ఉండేలా, నిజంగా ఆవిరితో నడిచే నమూనా చెయ్యాలి. మా నాన్న వాల్తేరు షెడ్డులో ఫైర్‌మన్. ఖరగ్‌పూర్‌లో దాన్ని చూసొచ్చి, "రెండు ఇంజన్ల మధ్య బాయిలర్ని ఉయ్యాల కట్టారురా" అని చేతులు ఊపుతూ చెప్పేవాడు. అలా కడితే బాయిలర్ కింద చక్రాలు అడ్డం రావు, దాన్ని ఎంత లావుగానైనా చేసుకోవచ్చు. గ్యారట్ కిటుకంతా అదే.

అమ్మాయి ఇంగ్లండులోని లీడ్స్‌లో ఉంటుంది. పోయినసారి అక్కడికి వెళ్ళినప్పుడు అసలు ఇంజను డ్రాయింగులు వెతికే పని కూడా పెట్టుకున్నాను.

ముందు మాంచెస్టర్. లీడ్స్ నుంచి రైల్లో గంట. అరవై దాటినవాళ్ళు సీనియర్ రైల్‌కార్డు తీసుకుంటే టిక్కెట్లో మూడో వంతు తగ్గుతుంది, కొన్ని ప్రయాణాలకే ఖర్చు వచ్చేస్తుంది. ఎన్ క్లాసు ఇంజన్లను 1929లో తయారుచేసింది ఈ ఊరి గోర్టన్‌లోని బేయర్ పీకాక్ కంపెనీయే. 1966లో అది మూతపడ్డాక కాగితాలు సైన్స్ అండ్ ఇండస్ట్రీ మ్యూజియానికి చేరాయి. మ్యూజియం ఉన్నది 1830 నాటి లివర్‌పూల్ రోడ్ స్టేషన్లో. ప్రవేశం ఉచితం. కాగితాలు చూడాలంటే మాత్రం ముందే ఈమెయిల్ పెట్టి రోజు ఖాయం చేసుకోవాలి.

ఇక్కడే నేను తప్పులో కాలేశాను. "బీఎన్ఆర్ గ్యారట్ కావాలి" అని రాశాను. వాళ్ళు మర్యాదగానే ఆర్డరు నంబరు అడిగారు. కంపెనీలో డ్రాయింగులు ఇంజను పేరు మీద ఉండవు, ఆర్డరు మీద, షీటు నంబరు మీద ఉంటాయి. పాత ఇంజనుకు వాడిన బ్రాకెట్టే కొత్తదానికీ వాడితే ఆ డ్రాయింగు పాత ఆర్డరులోనే ఉంటుంది. వర్క్‌షాపులో పనిచేసినవాణ్ణి, నాకు తెలిసి ఉండాల్సింది. నంబర్లు వెతికి మళ్ళీ రాసేసరికి పదిహేను రోజులు పోయాయి.

బ్యాగు లాకర్లో, పెన్ను జేబులో. లోపల పెన్సిలే వాడాలి. మొదటి షీటు విప్పగానే కాసేపు మాట రాలేదు. నూలుబట్ట మీద గీసిన ట్రేసింగు, అంచులు చేతిరాపిడికి నల్లబడ్డాయి. ఒక రివెట్ల వరుస పక్కన ఎవరో కొట్టేసి మళ్ళీ రాసిన అంకె కూడా ఉంది. నేను కోరిన వాటిలో సగం దొరికాయి, పైపులవి దొరకలేదు. అయినా సాయం చేసినామెకు పదికి పది.

కష్టం బయట మొదలైంది. అనుమతితో తీసుకున్న డ్రాయింగు ఫైల్ని ఒక ప్రింటు షాపులో ఇచ్చాను. గేజి 5 అడుగుల 6 అంగుళాలు, డ్రాయింగు అడుగుకి ఒకటిన్నర అంగుళం స్కేలు. అంటే కాగితం మీద ఎనిమిదింపావు అంగుళాలు రావాలి. స్టీల్ రూలు పెడితే సరిగ్గా ఎనిమిది. కుర్రాడు బొమ్మను కాగితానికి సరిపడేలా కుదించే "ఫిట్ టు పేజ్" నొక్కేశాడు! డబ్బులు మళ్ళీ కట్టించుకున్నారు. మీరు వెళ్తే రూలు జేబులో పెట్టుకుని, షాపులోనే కొలవండి.

యార్క్ సంగతి వేరు. నేషనల్ రైల్వే మ్యూజియం స్టేషన్ వెనకే, నడిచిపోవచ్చు. పదిలక్షలకు పైగా డ్రాయింగులున్నాయి. డాంకస్టర్, స్విండన్, డెర్బీ లాంటి ఇంగ్లండు వర్క్‌షాపుల ఇంజన్లకు నమూనాలు చేసేవాళ్ళకు పండగే. నా పనికి మాత్రం మాంచెస్టరే మేలు. ఇక్కడ నాకు పనికొచ్చింది మ్యాలర్డ్ చుట్టూ తిరగడం. 1938లో గంటకు 126 మైళ్ళు పరిగెత్తిన ఇంజను, కనెక్టింగ్ రాడ్డు పక్కన వంగి చూస్తే ఎక్కడ నునుపు చేశారో, ఎక్కడ వదిలేశారో తెలుస్తుంది.

దిగిన గెస్ట్‌హౌస్ గురించి తక్కువ చెప్తే మంచిది. మూడో అంతస్తు, లిఫ్టు లేదు, మెట్లు నిచ్చెనలా ఉన్నాయి. డ్రాయింగుల గొట్టం ప్రతి మలుపులో గోడకి తగిలింది. హీటరు రాత్రి పదికి ఆగిపోయింది. లీడ్స్ నుంచి రైల్లో అరగంట కూడా పట్టదు, అమ్మాయి ఇంట్లో పడుకుని పొద్దున్నే వెళ్తే సరిపోయేది. పులిహోర కట్టిచ్చింది కాబట్టి ఆ పూట గడిచింది.

ఇంటికొచ్చి లెక్క వేశాను. ఐదంగుళాల గేజి అంటే అసలుదానిలో 13.2వ వంతు. రెండంగుళాల బాయిలర్ గొట్టం నాలుగు మిల్లీమీటర్ల కంటే సన్నమవుతుంది, మసి పట్టి ఒక్క రోజులో మూసుకుపోతుంది. కాబట్టి గొట్టాలు తగ్గించి లావు చెయ్యాలి, బాయిలర్ రాగితో వేరేగా గీసుకోవాలి. అంగుళం మందం ఫ్రేము రెండు మిల్లీమీటర్లకు దిగి వంగుతుంది, నేను మూడు పెడుతున్నాను. అసలు ఇంజను 234 టన్నులు. నాది లెక్క ప్రకారం వంద కిలోలు దాటుతుంది. మా ఆవిడ ఇంకా అడగలేదు, దాన్ని ఎక్కడ పెడతావని.

పైపుల డ్రాయింగులు దొరకలేదు కాబట్టి, ఇంజను మీద అవి ఎటు నుంచి ఎటు వెళ్తాయో మాత్రం తేలలేదు. ఎన్ క్లాసు 815 ఢిల్లీ రైల్ మ్యూజియంలో నిలబడి ఉంది. ముప్పై మీటర్ల టేపు కొన్నాను, చలికాలం తగ్గాక తెలంగాణా ఎక్స్‌ప్రెస్‌కి టిక్కెట్లు తీస్తాను.