వెతికితే లేదంటుంది, తెరిస్తే ఉంటుంది: ఫైండింగ్ ఎయిడ్‌తో నా పేచీ

ఆర్కైవ్‌లోని ఒక సేకరణలో ఏ పెట్టెలో, ఏ ఫోల్డరులో ఏముందో చెప్పే జాబితా ఫైండింగ్ ఎయిడ్. అందులో పేరు కొట్టినప్పుడు వచ్చే "ఫలితాలు లేవు" అన్న జవాబును నమ్మడం మానేసి చాలా కాలమైంది. ఎన్ని సేకరణల్లో వాడినా కోపం తెప్పించేది అదొక్కటే. వెతికితే సున్నా. ఆ మనిషి ఉత్తరాలు మాత్రం ఒక ఫోల్డరు నిండా ఉంటాయి.

కారణం వర్ణన పద్ధతిలోనే ఉంది. ఆర్కైవ్ సామగ్రిని వర్ణించడానికి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఏడీ(జీ) ప్రకారం పై అంచెలో చెప్పింది కింది అంచెలో మళ్లీ రాయరు. సిరీస్ (సేకరణలో ఒకే రకం కాగితాల విభాగం) పరిచయంలో "కార్మిక సంఘాలతో ఉత్తరప్రత్యుత్తరాలు" అని ఒక్కసారి వస్తుంది. దాని కింద ఫోల్డర్లకు "1931–34", "1935" అని తేదీలే మిగులుతాయి. "కార్మిక" అని వెతికితే సిరీస్ తగులుతుంది గానీ ఏ ఫోల్డరో తేలదు. మనిషి పేరైతే అదీ తగలదు. 2005లో అమెరికన్ ఆర్కైవిస్టులు గ్రీన్, మైస్నర్‌ల వ్యాసం వచ్చాక, పేరుకుపోయిన సేకరణల్ని త్వరగా తెరవడానికి చాలాచోట్ల కాగితం కాగితం చూడటం తగ్గించారు. సేకరణ ఏళ్ల తరబడి మూతపడి ఉండటం కన్నా అది నయమే. పాత జాబితాల్లో ఇంకో చిక్కు: పెళ్లయిన స్త్రీలు "మిసెస్" అని భర్త పేరు కిందే ఉంటారు, సొంత పేరుతో దొరకరు.

అందుకే ముందు అమరిక గురించిన నోటు చదవాలి. వచ్చిన ఉత్తరాలు అక్షరక్రమంలో ఒక సిరీస్‌లో, పంపినవాటి నకళ్లు తేదీల వరసలో మరో సిరీస్‌లో ఉండటం మామూలే. రెండో పెట్టె కోరడానికి కావలసిన తేదీ మొదటి పెట్టెలోని ఉత్తరం మీదే ఉంటుంది. రెండూ ఒకేసారి తెప్పించుకుంటే ఒకటి వృథా.

అనుకోని మేలు చేసింది "వేరుచేసిన సామగ్రి" నోటు. ఉత్తరంలో "ఫొటో జతచేశాను" అని ఉండి ఫొటో కనిపించకపోతే పోయిందనుకోనక్కర్లేదు. భద్రత కోసం ఫొటోలను, పటాలను వేరే పెట్టెలకు మారుస్తారు, ఎక్కడికో ఆ నోటు చెబుతుంది.

ఫోల్డరు జాబితా ఉంటే చాలని ఇదివరకు నేనే అన్నాను. ఆ మాట తాజా జాబితాకే చెల్లుతుంది. కొత్త కాగితాలు చేరి పెట్టెల నంబర్లు మారాక, పాత పీడీఎఫ్ చూసి కోరితే వేరే పెట్టె వస్తుంది. నంబరుతో పాటు సిరీస్ పేరు, ఫోల్డరు శీర్షిక కూడా రాసివ్వాలి.

నా పని ఎక్కువగా ఉత్తరాలతోనే. రీడింగ్ రూంలో కొన్ని రోజులు కూర్చునే వీలుంది కాబట్టి నాకు ఫైండింగ్ ఎయిడ్ సరిపోతోంది. 10 లీనియర్ అడుగులంటే (పెట్టెలు పక్కపక్కన పెడితే పట్టే అర పొడవు) 5 అంగుళాల మందం పెట్టెలు 24, ఆ లెక్కన రోజులు కేటాయించుకుంటాను. దూరం నుంచి నకళ్లు తెప్పించుకునేవాళ్లు మాత్రం డబ్బు కట్టకముందే ఆర్కైవిస్టును అడిగి, ఫోల్డరులో నిజంగా ఏముందో చూపించుకోవాలి.