90 దాటితే వణికే బండి: లక్ష కిలోమీటర్లు తిప్పాక

మా ఏడు సీట్ల డీజిల్ ఎస్‌యూవీ లక్ష కిలోమీటర్లు దాటింది. ఇంజిన్, ఏసీ, గేర్‌బాక్స్ మీద నాకు పేచీ లేదు, వాటికి పదికి ఎనిమిది వేస్తాను. కొన్న మూడో ఏడు నుంచి నన్ను సతాయించింది వైబ్రేషన్ ఒక్కటే. అందుకే ఈ సమీక్షలో ఎక్కువ భాగం దానికే పోతుంది.

ఊళ్లో తిరిగినంతసేపూ ఏమీ తెలియదు. విజయవాడ వెళ్తూ పంతంగి టోల్ దాటి స్పీడు అందుకుంటే, 90 దగ్గర స్టీరింగ్‌లో సన్నగా మొదలవుతుంది. 100కి వచ్చేసరికి సీసాలో నీళ్లు కూడా వణుకుతుంటాయి. హైదరాబాద్ చుట్టూ ఉన్న ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) మీద 115కి పోతే విచిత్రంగా తగ్గిపోతుంది. పక్క సీట్లో ఉన్నవాళ్లు "ఏముంది, బాగానే ఉందిగా" అంటారు. నడిపేవాడికి మాత్రం కోదాడ చేరేసరికి అరచేతులు తిమ్మిరెక్కుతాయి.

ఎవరిని అడిగినా చెప్పేది ఒకటే: అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం), బ్యాలెన్సింగ్ (చక్రం చుట్టూ బరువు సమం చేయడం) చేయించు. అలైన్‌మెంట్‌కీ ఈ వణుక్కీ నేరుగా సంబంధం లేదు. అది తప్పితే బండి ఒక పక్కకు లాగుతుంది, టైరు ఒక అంచున అరుగుతుంది. అయినా ప్రతి షాపులో రెండూ కలిపే బిల్లు వేస్తారు. ఇక బ్యాలెన్సింగ్ ఎన్నిసార్లు చేయించినా కుర్రాడు మెషీన్ చూపించి "అన్నా, రెండు పక్కలా జీరో వచ్చింది, ఇంకేం చేయమంటావ్?" అనేవాడు. అతను అబద్ధం చెప్పడం లేదు. ఆ మెషీన్ చక్రాన్ని గాల్లో తిప్పి చూస్తుంది. రోడ్డు మీద అదే చక్రం మీద అర టన్ను పైగా బరువు పడుతుంది. దూది పరుపులో గట్టి ముద్ద ఉంటే చూపుకు ఆనదు, పడుకుంటేనే వీపుకు తగులుతుంది. టైరులో ఒకచోట గట్టిదనం ఎక్కువైనా అంతే.

అందుకే ముందు డబ్బు ఖర్చు లేని పరీక్షలు చేశాను. అదే 90లో ఒక గేరు తగ్గించి చూశాను: ఇంజిన్ ఆర్‌పీఎం పెరిగింది, వణుకు మారలేదు. అంటే ఇంజిన్ కాదు. బ్రేకు తొక్కినప్పుడే వస్తే డిస్కుల్ని అనుమానించాలి, నాకు తొక్కకుండానే వస్తోంది. మా టైరు సైజు 265/60 ఆర్18. ఒక చుట్టుకు సుమారు 2.4 మీటర్లు పోతుంది కాబట్టి, 100లో సెకనుకు పదకొండు చుట్లు పైచిలుకు. చేతికి తెలిసే ఊపు ఆ లెక్కకు దగ్గరగా ఉంటే అది చక్రాల పనే. గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాలకు శక్తిని అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్ చక్రాల కంటే దాదాపు నాలుగు రెట్లు వేగంగా తిరుగుతుంది, దాని గొడవ కింది నుంచి హోరులా వస్తుంది. చివరికి ముందు చక్రాలు వెనక్కీ, వెనకవి ముందుకూ మార్పించాను. వణుకు స్టీరింగ్ వదిలి సీటులోకి వచ్చింది. అంటే లోపం ఆ ముందు చక్రాల్లోనే ఉంది, దొంగ దొరికినట్టే.

రోడ్ ఫోర్స్ బ్యాలెన్సింగ్ చేసే షాపులు హైదరాబాద్‌లో ఉన్నాయి, అయితే ప్రతి వీధిలోనూ దొరకవు. ఆ మెషీన్‌లో ఒక రోలర్ టైరును గట్టిగా అదిమిపట్టి తిప్పుతుంది. మామూలు దానికి రెండింతలు పైగా తీసుకున్నారు, ఆ డబ్బుకు న్యాయం జరిగింది. మొదట రిమ్ముల లోపల ఎండిన బురద గీకారు, బ్యాలెన్సింగ్ కోసం అంటించిన పాత బరువులన్నీ పీకేశారు. ఒక రిమ్ముకు కంటికి కనిపించనంత బెండు ఉంది, టైరులో గట్టిగా ఉన్న చోటు సరిగ్గా దాని మీదే కూర్చుంది. గాలి తీసి, టైరును రిమ్ము మీద అర చుట్టు తిప్పి బిగిస్తే మెషీన్ చూపించే రీడింగ్ సగానికి పైగా పడిపోయింది. ఇంకో టైరు ఎలా తిప్పినా లొంగలేదు, దాన్ని మార్చక తప్పలేదు. చక్రం బిగించే హబ్ మీద తుప్పు వైర్ బ్రష్‌తో గీకి, నట్లను ఎదురెదురుగా, ఎంత బిగువో కొలిచే టార్క్ రెంచ్‌తో బిగించారు. ఎయిర్ గన్‌తో బర్రుమని బిగించే చోట చక్రం హబ్ మీద సరిగ్గా కూర్చుందో లేదో ఎవరూ చూడరు.

ఇప్పుడు 100లో స్టీరింగ్ ఒక వేలితో పట్టుకున్నా నిశ్చలంగా ఉంటుంది. అలాగని పూర్తిగా పోయిందని చెప్పను. వారాల తరబడి ఒకేచోట నిలబెడితే టైర్లు కింద చదునుదేరి మొదటి కొన్ని కిలోమీటర్లు దడదడమంటాయి, వేడెక్కాక సర్దుకుంటాయి. ఏడుగురు ఎక్కి, డిక్కీ నిండా సామానుంటే 80 దగ్గర కింది నుంచి సన్నని హోరు వస్తుంది. బరువుకు వెనక కిందికి దిగి షాఫ్ట్ కోణం మారడం వల్ల అది. షాఫ్ట్ చివర్ల కీళ్లకు (క్రాసులకు) గ్రీజు పెట్టిస్తే కొంత తగ్గింది, మిగతాది భరించదగిందే.

మళ్లీ కొంటారా అంటే కొంటాను, కాకపోతే పెద్ద రిమ్ములున్న టాప్ వేరియంట్ జోలికి పోను. టైరు పక్కగోడ పలచనయ్యేకొద్దీ మన గుంతల దెబ్బ నేరుగా రిమ్ముకే తగులుతుంది. టైర్లు కొనేటప్పుడు పక్కగోడ మీద DOT అని మొదలయ్యే కోడ్ (డాట్ కోడ్) చివరి నాలుగంకెలు చూడండి. 2324 అని ఉంటే 2024లో 23వ వారం తయారైనట్టు. షాపువాళ్లు పాత స్టాకు అంటగట్టబోతే అక్కడే తిప్పి పంపేయండి.