కాజీపేట నుంచి క్రూయిజ్ దాకా: ముంబై, చెన్నై, సింగపూర్ ఓడ ప్రయాణాల్లో మేం చూసినవి

వరంగల్ నుంచి ఏ సముద్రానికి పోవాలన్నా రాత్రంతా ప్రయాణం తప్పదు. అయినా హనుమకొండలో నాకు తెలిసిన ఇళ్లలోనే క్రూయిజ్‌కు పోయి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. రిటైరైన లెక్చరర్లు, పిల్లలు అమెరికాలో స్థిరపడ్డ తల్లిదండ్రులు, కొత్త జంటలు, ఇలా అందరూ పోతున్నారు. ఒకసారి పోయినవాళ్లు మళ్లీ పోతున్నారు. మా ఇంట్లోనూ అంతే. మా ఆయన, నేను, మా అత్తమ్మ, అప్పుడప్పుడు ఆడబిడ్డ కుటుంబం కలిసి ముంబై నుంచి, చెన్నై నుంచి, సింగపూర్ నుంచి ఓడ ఎక్కాం. నాకు గట్టిగా తెలిసివచ్చిందేంటంటే, ఓడలో పడే ఇబ్బందులు తక్కువ. ఓడ దాకా చేరడంలో పడే టెన్షనే ఎక్కువ. బుక్ చేసేటప్పుడు అందరం స్విమ్మింగ్ పూల్ ఫోటోలు చూస్తాం. రైలు ఎప్పుడు చేరుతుంది, వీసా ఏ రకం, క్యాబిన్ (ఓడలో మన గది) ఏ డెక్ (అంతస్తు) మీద, వెంట వచ్చే పెద్దవాళ్లు మెట్లు ఎక్కగలరా అన్నవి ముందు చూసుకుంటే సగం పని అయినట్టే.

అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది ఇది: ఓడ కదిలే రోజు పొద్దున రేవున్న ఊళ్లో దిగేలా టికెట్లు తీయకండి. ఒకరోజు ముందే చేరండి. ఓడ మన కోసం ఆగదు, డబ్బులూ వెనక్కి రావు. 2024 సెప్టెంబర్ మొదట్లో కురిసిన వానలకు కేసముద్రం, ఇంటికన్నె మధ్య పట్టాల కింద మట్టికట్టే కొట్టుకుపోయింది. కాజీపేట, విజయవాడ మధ్య రైళ్లు కొన్ని రోజులు ఆగిపోయాయి. ఆ వారంలో చెన్నైలో ఓడ ఎక్కాల్సిన మనిషి పరిస్థితి ఒక్కసారి ఊహించుకోండి. ఒక రాత్రి హోటల్ ఖర్చు దండగ అనిపిస్తుంది కానీ, మొత్తం టికెట్ పోగొట్టుకోవడంతో పోలిస్తే అది ఏమంత లెక్క కాదు.

మొదటిసారి పోయేవాళ్లకు నేను ముంబైనే చెబుతాను. వరంగల్‌లో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు నేరుగా ముంబై సీఎస్‌ఎంటీ స్టేషన్‌లో దింపుతుంది. ఓడలు ఆగే బల్లార్డ్ పియర్ అక్కడికి దగ్గరే, ట్యాక్సీలో కొద్ది నిమిషాలు. దేశం దాటని ప్రయాణమైతే పాస్‌పోర్ట్ గొడవ లేదు, ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చాలు. గోవాకు, లక్షద్వీప్‌కు రెండు నుంచి ఐదు రాత్రుల ప్రయాణాలుంటాయి. సముద్రం మన ఒంటికి పడుతుందో లేదో తెలుసుకోవడానికి రెండు రాత్రులు సరిపోతాయి. బసకు ఫోర్ట్ ఏరియానే వెతకండి. గదులు ఇరుకు, రేటు ఎక్కువ, నిజమే. కానీ నవీ ముంబైలోనో అంధేరీలోనో చవగ్గా దొరికిందని దిగితే ఆ మిగిలింది కాస్తా ట్యాక్సీకే పోతుంది, పైగా ట్రాఫిక్ భయం. ఫోర్ట్‌లో మేం దిగిన ఒక హోటల్‌లో లిఫ్ట్ ఉందని రాసి ఉంది. తీరా చూస్తే అది రెండో అంతస్తు నుంచి మొదలవుతుంది. మోకాళ్ల నొప్పులున్న మనిషిని అన్ని మెట్లు ఎక్కించాల్సి వచ్చింది. అప్పటి నుంచి హోటల్‌కు ఫోన్ చేసి "లిఫ్ట్ కింది నుంచే ఉందా" అని అడిగిగానీ బుక్ చేయట్లేదు.

ఈ పడమటి సముద్రంలో ప్రయాణాలకు అక్టోబర్ నుంచి మే వరకు అనువైన కాలం. నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య నీళ్లు బాగా నెమ్మదిగా ఉంటాయి. లక్షద్వీప్ దగ్గర పెద్ద ఓడ లోతు నీళ్లలోనే ఆగి, జనాన్ని చిన్న బోట్లలో దీవికి చేరుస్తారు. అలలు పెద్దగా ఉంటే కెప్టెన్ దాన్ని రద్దు చేసేస్తాడు. అప్పుడు రిసెప్షన్ దగ్గర గొడవ పెట్టుకున్నా లాభం లేదు. వాతావరణాన్ని బట్టి రేవు మార్చే, వదిలేసే హక్కు కంపెనీకి ఉంటుందని టికెట్ షరతుల్లోనే ఉంటుంది. ఫలానా దీవి చూడటమే మీ ఉద్దేశమైతే ఇది తెలుసుకుని డబ్బు కట్టండి.

చెన్నై మాట వేరు. రైలు పరంగా మనకు అంతకన్నా సుఖం లేదు. తమిళనాడు ఎక్స్‌ప్రెస్ రాత్రి వరంగల్‌లో ఎక్కితే పొద్దునకల్లా చెన్నై సెంట్రల్. రేవు కూడా స్టేషన్‌కు దగ్గరే. ఎగ్మోర్, ప్యారీస్ కార్నర్ వైపు బస చేస్తే అన్నం, సాంబారు, ఆటో అన్నీ చేతికందే దూరంలో ఉంటాయి. రేవుకు గేట్లు చాలా ఉన్నాయి. ఏ గేటు నుంచి లోపలికి పంపుతారో బోర్డింగ్ కాగితంలో చూసి ఆటో అతనికి ముందే చెప్పాలి, లేకపోతే సామానుతో ఎండలో తిరగాలి. 2023 నుంచి ఇక్కడి నుంచి శ్రీలంకకు ఓడ నడిచింది. హంబన్‌టోట, ట్రింకోమలి, జాఫ్నా దగ్గరి కాంకేసంతురై రేవులు తిప్పేవారు. షెడ్యూల్ ఏటా మారుతుంది కాబట్టి ఆ ఏడాదిది చూసుకోవాలి.

ట్రింకోమలి గురించి మాత్రం కాస్త వివరంగా రాస్తాను. మా అత్తమ్మ ఓడ ఎక్కడానికి ఒప్పుకున్నదే ఆ ఊరి కోసం. అష్టాదశ శక్తిపీఠాల శ్లోకం "లంకాయాం శాంకరీ దేవి" అని మొదలవుతుంది కదా, ఆ శాంకరీ దేవి స్థానం ట్రింకోమలిలోని కోణేశ్వరం కొండ మీద. పాత గుడిని 17వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు కూల్చేశారు. ఇప్పుడున్నది తర్వాత కట్టుకున్నది. గుడి పక్కన కొండ నిట్టనిలువుగా సముద్రంలోకి దిగుతుంది. ఊళ్లో భద్రకాళి అమ్మవారి కోవెల కూడా ఉంది. వరంగల్‌లో మన భద్రకాళికి మొక్కి బయల్దేరిన అత్తమ్మ అక్కడ మళ్లీ భద్రకాళి ముందు నిలబడి "ఇక్కడ కూడా ఉన్నావా తల్లీ" అన్నది. ఓడవాళ్ల టూర్‌లో గుడికి ఇచ్చే సమయం తక్కువ. సొంతంగా వ్యాన్ మాట్లాడుకుంటే ఎక్కువసేపు ఉండొచ్చు, చవక కూడా. అయితే ఒక సంగతి మరవొద్దు. ఓడవాళ్ల టూర్ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. మన సొంత వ్యాన్ ఆలస్యమైతే ఆగదు. అందుకే సొంతంగా పోయినప్పుడు చివరి టైముకు రెండు గంటల ముందే రేవుకు చేరేలా చూసుకుంటాం. గడియారం కూడా ఓడ టైము ప్రకారమే పెట్టుకోవాలి. ఊరి టైముకు, ఓడ టైముకు ఒక్కోసారి గంట తేడా ఉంటుంది, ఫోన్ తనంతట తానే మారిపోతుంది.

బంగాళాఖాతంలో అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు, మళ్లీ ఏప్రిల్, మే నెలల్లో తుఫాన్ల భయం ఉంటుంది. అందుకే చెన్నై ఓడకు నేను జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలలే చూస్తాను. విశాఖలోనూ 2023లో క్రూయిజ్ టెర్మినల్ తెరిచారు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో పడుకుని లేస్తే విశాఖే కాబట్టి అక్కడి నుంచి క్రమం తప్పకుండా ఓడలు నడిస్తే మన ఉత్తర తెలంగాణ వాళ్లకు అంతకన్నా మేలు ఉండదు. నా మనసులో బలంగా ఉన్న కోరిక ఇది.

సింగపూర్ ఓడలు పెద్దవి, సౌకర్యాలు చాలా ఎక్కువ, కానీ కాగితాల పని కూడా ఎక్కువే. పాస్‌పోర్ట్‌కు కనీసం ఆరు నెలల గడువుండాలి. మన దగ్గర వరంగల్ పోస్టాఫీసులోని పాస్‌పోర్ట్ కేంద్రంలోనే పని జరుగుతుంది, హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు. సింగపూర్ వీసా మల్టిపుల్ ఎంట్రీయేనా అని చూసుకోండి. ఓడ సింగపూర్ దాటి మలేషియాకో, థాయిలాండ్‌కో పోయి మళ్లీ సింగపూర్‌కే వస్తుంది. అంటే మనం ఆ దేశంలోకి రెండుసార్లు అడుగుపెడతాం. హనుమకొండలో మాకు టికెట్లు తీసిన ఏజెంట్‌కు ఈ సంగతి మేమే గుర్తు చేయాల్సి వచ్చింది. ఓడ ఎక్కే చోట్లు కూడా రెండున్నాయి: మెరీనా బే దగ్గర ఒకటి, హార్బర్‌ఫ్రంట్ దగ్గర ఒకటి. ఏదో చూసుకోకుండా ట్యాక్సీ ఎక్కొద్దు. ముందురోజు బసకు లిటిల్ ఇండియా మంచిది. సెరంగూన్ రోడ్డు మీద 1947 నుంచి నడుస్తున్న కోమల విలాస్‌లో దోశ, భోజనం దొరుకుతాయి. శ్రీనివాస పెరుమాళ్ గుడి నడిచే దూరంలో ఉంటుంది. గదులు చిన్నవి, శుభ్రం మాత్రం బాగుంటుంది.

ఫుకెట్ పోయే ఓడలు చాలావరకు పటాంగ్ తీరానికి దూరంగా లంగరు వేస్తాయి. అక్కడి నుంచి చిన్న బోటులో దిగాలి. దీని గురించి బ్రోచర్లో ఒక్క ముక్క ఉంటుంది, అంతే. ఓడ అడుగు డెక్‌లో తలుపు తెరుస్తారు. బయట బోటు అలతో పాటు జానెడు పైకి లేస్తుంది, జానెడు కిందికి పోతుంది. ఇటు ఒకరు, అటు ఒకరు సిబ్బంది నిలబడి, మన అరచెయ్యి కాకుండా మోచేతి దగ్గర గట్టిగా పట్టుకుంటారు. బోటు పైకి వచ్చిన క్షణంలో "నౌ" అంటారు, అప్పుడే అడుగు వేయాలి. అత్తమ్మ చీర కుచ్చిళ్లు ఎడమ చేత్తో పైకి పట్టుకుని, పెదాలు బిగబట్టి, రెండుసార్లు అల పోనిచ్చి మూడోసారి అడుగేసింది. ఆ అబ్బాయిలు ఓపిగ్గా ఆగారు, ఒక్కరు కూడా తొందర పెట్టలేదు. నడక కష్టమైనవాళ్లను, వీల్‌చైర్ వాళ్లను చాలాసార్లు ఈ బోట్లలోకి ఎక్కించరు. పెద్దవాళ్లను తీసుకుపోతుంటే ఏయే రేవుల్లో ఓడ గట్టుకే ఆనుకుంటుంది, ఎక్కడెక్కడ బోటులో దిగాలి అన్నది బుకింగ్‌కు ముందే అడగండి. పెద్దవాళ్లకు చీర కన్నా పంజాబీ డ్రెస్ నయం.

క్యాబిన్ సంగతి. కడుపులో తిప్పుతుందన్న భయం ఉంటే ఓడ మధ్యభాగంలో, కింది డెక్‌లలో గది తీసుకోండి, అక్కడ ఊపు తక్కువ. ముందు వైపు, పై అంతస్తుల్లో ఎక్కువ. డెక్ ప్లాన్ చూసి, మనకు పైన, కింద ఏముందో కూడా గమనించాలి. పైన బఫే ఉంటే తెల్లారకముందే కుర్చీలు లాగే చప్పుడు, కింద డ్యాన్స్ హాల్ ఉంటే అర్ధరాత్రి దాకా మోత. కొన్ని కిటికీ గదులకు లైఫ్ బోటు అడ్డం ఉంటుంది, వాటి రేటు తక్కువ. కిటికీ లేని లోపలి గది రెండు రాత్రులకు చాలు. అంతకు మించితే అత్తమ్మలాంటి వాళ్లకు ఊపిరాడనట్టు ఉంటుంది. బాల్కనీకి డబ్బు పెట్టడం వృథా కాదని నా అభిప్రాయం. ఒంటరిగా పోయేవాళ్ల దగ్గర దాదాపు ఇద్దరి డబ్బూ తీసుకుంటారు, కాబట్టి తోడు చూసుకోవడం మంచిది. తిప్పుడుకు అవోమిన్ లాంటి మాత్రలు డాక్టర్‌ను అడిగి తీసుకెళ్లండి. తిప్పడం మొదలయ్యాక కన్నా ముందే వేసుకుంటే పనిచేస్తాయి. డెక్ మీదికి వచ్చి దూరంగా నీళ్లు, ఆకాశం కలిసే గీతను చూస్తూ కూర్చున్నా తగ్గుతుంది.

టికెట్ ధరే మొత్తం ఖర్చు అనుకోవద్దు. విదేశీ ఓడల్లో సిబ్బంది టిప్పు రోజువారీగా మన ఖాతాలో పడుతుంది. అమెరికన్ కంపెనీల ఓడల్లో మనిషికి రోజుకు దాదాపు 16 నుంచి 20 డాలర్లు. నలుగురు నాలుగు రాత్రులుంటే 250 డాలర్లు దాటుతుంది. కూల్‌డ్రింకులు, వైఫై, ప్రత్యేక హోటళ్లలో భోజనం అన్నీ వేరు. ఫోన్‌ను ఓడ కదలగానే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. ఓడలో శాటిలైట్ నెట్‌వర్క్ తగులుకుంటే బిల్లు గుండె గుభేల్‌మనేలా వస్తుంది. ప్రతి రాత్రీ రిసెప్షన్‌లోనో టీవీలోనో ఖాతా చూసుకోవడం మా అలవాటు. ఒకసారి మేం తాగని డ్రింకులు మా పేరున పడ్డాయి, చూపించగానే తీసేశారు. విదేశీ ప్యాకేజీ మీద ఏజెంట్ ముందే పట్టుకునే పన్ను (టీసీఎస్) పోయినట్టు కాదు. పాన్ నంబర్ సరిగ్గా ఇచ్చి, అది మన పేరున పడిందో లేదో ఇన్‌కమ్ ట్యాక్స్ వివరాల్లో చూసుకుని, రిటర్న్‌లో చూపించాలి.

తిండి విషయంలో మన దేశం నుంచి నడిచే ఓడల్లో శాకాహారానికి లోటు లేదు. విదేశీ ఓడల్లో ఇండియన్ కౌంటర్ ఉన్నా ఉప్పూ కారం చాలవు. ఇంట్లో వండినవి చాలా ఓడలు ఎక్కనివ్వవు. సీలు వేసిన ప్యాకెట్లు అయితే ఫర్వాలేదు. మేం సకినాలు, చపాట మిర్చి పచ్చడి షాపులో సీలు వేయించి పట్టుకెళ్తాం. ఓడలో నుంచి పండ్లు, తిండి రేవులోకి తీసుకుపోవద్దు, చాలా దేశాల్లో జరిమానా ఉంటుంది. కెటిల్, ఇస్త్రీ పెట్టె, రైస్ కుక్కర్, ఎక్స్‌టెన్షన్ బాక్సు స్కానింగ్‌లో దొరికితే తీసుకుని చివరి రోజు ఇస్తారు. అగ్ని ప్రమాదం భయం, అందులో తప్పు లేదు.

ఆరోగ్యం గురించి రెండు మాటలు. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ ఓడల్లో తొందరగా పాకుతుంది. శానిటైజర్ దాని మీద సరిగా పనిచేయదు, సబ్బుతో ఇరవై సెకన్లు కడుక్కోవాల్సిందే. ఓడ డాక్టర్ ఫీజు డాలర్లలో ఉంటుంది. మన హెల్త్ పాలసీ అక్కడ చెల్లుతుందనుకోవద్దు. పాత జబ్బులకు, ఓడ నుంచి ఆస్పత్రికి తరలించే ఖర్చుకు వర్తించే ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోండి. బీపీ, షుగర్ మాత్రలు చేతిసంచిలోనే ఉండాలి. పెద్ద సూట్‌కేసులు సాయంత్రానికి గానీ గదికి రావు.

ప్రమాదం వస్తే ఏం చేయాలో నేర్పే డ్రిల్‌ను మాత్రం ఎవరూ ఎగ్గొట్టొద్దు. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్తా కాంకోర్డియా ఓడ బండకు తగిలి ఒరిగిపోయి 32 మంది చనిపోయారు. ఆ రోజే ఎక్కిన వందలమందికి అప్పటికింకా డ్రిల్ జరగలేదు. ఆ తర్వాతే ఓడ బయల్దేరేముందు గానీ, బయల్దేరిన వెంటనే గానీ డ్రిల్ జరపాలని నియమం మార్చారు. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తే అది ప్రమాద సూచన. మీ గది నుంచి మీ మస్టర్ స్టేషన్‌కు (ప్రమాదం వేళ చేరాల్సిన చోటుకు) లిఫ్ట్ లేకుండా ఒకసారి నడిచి చూసుకోండి, పెద్దవాళ్లను కూడా నడిపించండి.

దిగే ముందురోజు రాత్రి సూట్‌కేసులు గది బయట పెట్టమంటారు. మర్నాడు వేసుకునే బట్టలు, చెప్పులు, మందులు, పాస్‌పోర్ట్ చేతిసంచిలోకి తీశాకే బయట పెట్టండి. పొద్దున ఓడ రేవుకు చేరినా వంతుల వారీగా దింపుతారు, కస్టమ్స్ ఉంటుంది, మధ్యాహ్నం కూడా కావచ్చు. తిరుగు రైలు సాయంత్రం తర్వాతదే తీసుకోండి. ముంబై అయినా చెన్నై అయినా రిజర్వేషన్లు తెరవగానే చేసేయండి, సంక్రాంతికి దగ్గరైతే కాజీపేట వైపు వచ్చే రైళ్లలో బెర్తులు అస్సలు దొరకవు.