ఏడేళ్లుగా 6.5 క్రీడ్‌మూర్: అడవి పందికీ, వెయ్యి గజాల పలకకీ ఒకే తూటా

తూటా ఏది మంచిదని అడిగేవాళ్లలో సగం మంది అప్పటికే ఏదో ఒకటి మనసులో ఖాయం చేసుకునే ఉంటారు. 2018లో నేనూ అంతే. ఉండేది డల్లాస్ శివార్లలో. హెచ్1బీలో ఉన్నా వేట లైసెన్స్ ఉంటే రైఫిల్ కొనుక్కోవచ్చని తెలుసు గానీ, లేనిపోని టెన్షన్ ఎందుకని గ్రీన్ కార్డు వచ్చేదాకా ఆగాను. వచ్చిన నెలలోనే 24 అంగుళాల బ్యారెల్ ఉన్న టిక్కా టీ3ఎక్స్ రైఫిల్ తెచ్చుకున్నాను, 6.5 క్రీడ్‌మూర్ తూటా పట్టేది. కాల్చిన ప్రతి తూటా లెక్కా ఒక నోటుబుక్కులో రాస్తూ వచ్చాను. ఇప్పటికి 3,100 దాటాయి.

మా బావమరిది అప్పటికే .308 అనే పాత తూటా వాడుతున్నాడు. "బావా, పందిని కొట్టడానికి ఈ లెక్కలన్నీ ఎందుకు?" అన్నాడు. సగం నిజమే చెప్పాడని తర్వాత తెలిసింది. మిగతా సగం కోసమే ఇదంతా రాస్తున్నాను.

.308 పుట్టింది 1952లో. 6.5 క్రీడ్‌మూర్‌ని హార్నడీ కంపెనీ 2007లో తెచ్చింది, అదీ వేట కోసం కాదు, పోటీల్లో కాల్చేవాళ్ల కోసం. పేరు కూడా న్యూయార్క్ లాంగ్ ఐలండ్‌లో 1870లలో నడిచిన పాత షూటింగ్ మైదానానిది. ఇందులో కిటుకు తుపాకీ మందు ఎక్కువ కూరడంలో లేదు. మందు, బుల్లెట్ కూర్చే ఇత్తడి గొట్టాన్ని (కేస్) కాస్త పొట్టి చేసి, సన్నగా పొడుగ్గా ఉండే బుల్లెట్ ముక్కుకి మ్యాగజైన్‌లో చోటు వదిలారు. బ్యారెల్ లోపలి మెలికలను ఎనిమిది అంగుళాలకు ఒక చుట్టుగా బిగించారు కాబట్టి ఆ పొడుగు బుల్లెట్ గాల్లో తూలదు. సన్నటి బుల్లెట్ గాలిని చీల్చుకుంటూ పోతుంది, వేగం నెమ్మదిగా తగ్గుతుంది. 140 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలత) బుల్లెట్ సెకనుకు సుమారు 2,700 అడుగుల వేగంతో బయల్దేరుతుంది. .308లో 168 గ్రెయిన్లదీ ఇంచుమించు అంతే వేగం. తేడా బయల్దేరినప్పుడు కాదు, చివర్లో కనబడుతుంది.

ఫోర్ట్‌వర్త్‌కి పడమర వైపు ఒక ప్రైవేటు షూటింగ్ రేంజ్ ఉంది. అక్కడ వెయ్యి గజాల దూరంలో 24 అంగుళాల ఇనుప పలక వేలాడుతూ ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కాక నాలుగు సెకన్లు ఆగాలి. బుల్లెట్ చేరడానికి ఒకటిన్నర సెకను పైనే, ‘టింగ్’ శబ్దం వెనక్కి రావడానికి రెండున్నర పైన. ఆ నాలుగు సెకన్లకే నేను అలవాటు పడిపోయాను. అంత దూరానికి 6.5 దాదాపు 25 అడుగులు కిందికి జారుతుంది, .308 అయితే 30 దాటుతుంది. జారడం పెద్ద సమస్య కాదు, గురి చూసే దుర్భిణి (స్కోప్) తిప్పుకుంటే సరిపోతుంది. అసలు చంపేది గాలి. గంటకు పది మైళ్ల అడ్డగాలికి 6.5 అయిదారు అడుగులు పక్కకి పోతుంది, .308 ఏడు అడుగులు. గాలి వేగాన్ని గంటకు మైలున్నర తప్పుగా అంచనా వేస్తే నా బుల్లెట్ పలక అంచునైనా తగులుతుంది, బావమరిదిది పక్కనుంచి దుమ్ము లేపుతుంది. టెక్సస్ గాలిలో మైలున్నర తప్పడం అందరికీ మామూలే.

కానీ నాకు నిజంగా ఉపయోగపడింది ఈ లెక్కలు కావు. భుజం. ఒకే బరువున్న రైఫిల్స్‌లో .308తో పోలిస్తే దీని తన్ను బాగా తక్కువ. .308తో ఇరవై కాల్చాక తెలియకుండానే కళ్లు మూసుకుని ట్రిగ్గర్‌ని లాగేసేవాణ్ని. దీనితో అరవై కాల్చినా రెప్ప కదలదు. పైగా పేలాక కూడా స్కోప్‌లో పలక కనబడుతూనే ఉంటుంది కాబట్టి ఎక్కడ తగిలిందో నా కళ్లతో నేనే చూసుకుంటాను. గురి కుదిరింది తూటా గొప్పతనం వల్ల అని చెప్పలేను, ఎక్కువ కాల్చనిచ్చింది కాబట్టి కుదిరింది.

ఇక వేట. టెక్సస్‌లోనే శాన్ సాబా దగ్గర నలుగురం కలిసి ఒక రాంచ్ (పశువుల్ని మేపే పెద్ద భూమి) లీజుకి తీసుకున్నాం. నవంబరు మొదటి శనివారం జింకల సీజన్ మొదలవుతుంది. పందులకు సీజన్ లేదు, ఏడాది పొడుగునా కొట్టొచ్చు. ఒంగోలు వైపు మా తాత వేరుశనగ చేలో మంచె మీద రాత్రంతా డబ్బా వాయిస్తూ పందుల్ని తోలేవాడు. అక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. ఇక్కడ అలాంటి మంచె మీద రైఫిల్‌తో కూర్చుంటే ప్రతిసారీ ఆయనే గుర్తొస్తాడు.

ఏడు సీజన్లలో పదకొండు జింకలు పడ్డాయి. అన్నీ 40 నుంచి 260 గజాల లోపే. ఇది గమనించండి: వెయ్యి గజాల తూటా అని కొన్నాను, వేటలో 300 గజాలు కూడా దాటలేదు. ఆ దూరాల్లో జింకకి 6.5 అయినా .308 అయినా ఒకటే. రాంచ్ ముసలాయన 1925లో పుట్టిన .270 విన్‌చెస్టర్ తూటానే ఇప్పటికీ వాడుతున్నాడు, ఆయన ఫ్రీజర్ ఎప్పుడూ నిండుగానే ఉంటుంది.

పందితో మాత్రం ఒకసారి దెబ్బతిన్నాను. తప్పు నాదే. ఒక అక్టోబరు శనివారం పొద్దున రేంజ్‌కి పోయి, అటునుంచి అటే రాంచ్‌కి వెళ్లాను. సాయంత్రం ఎండిన వాగు దగ్గర 120 గజాల్లో పెద్ద ఆడపంది. కాల్చాను. ‘థప్’ మని తగిలిన చప్పుడూ వినబడింది. అది కింద పడకుండా నాగజెముడు పొదల్లోకి దూసుకుపోయింది. టార్చ్ పట్టుకుని రెండు గంటలు వెతికాను, రక్తం చుక్క కూడా లేదు. తెల్లారాక 150 గజాల అవతల దొరికింది. బుల్లెట్ దూరిన చోట పెన్సిల్ గుచ్చినంత రంధ్రం, అవతల బయటికి వచ్చిన చోటా అంతే. క్యాంపుకి వచ్చి చూస్తే వేట తూటాల పెట్టె నిండుగా ఉంది, పోటీల కోసం చేసే మ్యాచ్ తూటాల పెట్టెలో నాలుగు తక్కువ. జేబులో వేసుకున్నవి అవే. రెండు రకాలకీ ముక్కు ఎర్రగానే ఉంటుంది, మసక వెలుతురులో తేడా తెలియదు. మ్యాచ్ బుల్లెట్ కాగితానికీ ఇనుముకీ చేసింది. ఒంట్లో ఒకోసారి పగిలి ముక్కలవుతుంది, ఒకోసారి విచ్చుకోకుండా సూదిలా దాటిపోతుంది. రాత్రి వేడికి మాంసమంతా పాడైంది. అంతకంటే ఆ జంతువు ఎంతసేపు బాధపడిందోనన్నది ఎక్కువ బాధించింది. అప్పటినుంచి వేట తూటాలు రైఫిల్ మడమకి కట్టిన పట్టీలోనే ఉంటాయి. మ్యాచ్ పెట్టె కారు దిగదు.

సరైన బుల్లెట్ వేసినా పెద్ద మగపంది విషయంలో నేను బావమరిది పక్షమే. భుజం మీద పంది చర్మం గట్టి డాలులా ఉంటుంది. .308 చేసే రంధ్రం పెద్దది, రక్తం జాడ వదులుతుంది, పొదల్లో వెతుక్కోవడం తేలిక. పొట్టి బ్యారెల్‌లోనూ అది బాగా పని చేస్తుంది, ప్రాక్టీసు తూటాలూ చవక. పందుల కోసమే రైఫిల్ కొనేవాడు 6.5 కొనక్కర్లేదు. ఇంకో సంగతి: మెత్తగా విచ్చుకునే వేట బుల్లెట్‌తో 40 గజాల్లో జింక భుజాన్ని కొడితే ఆ వైపు మాంసం నెత్తురు గడ్డకట్టి పనికిరాకుండా పోతుంది. రెండుసార్లు అలా పోగొట్టుకుని రాగి బుల్లెట్‌కి మారాను. మా ఇంట్లో గోంగూర వేసి కీమా చేసే ఆవిడకి ఆ తేడా నాకంటే ముందే తెలిసింది.

బ్యారెల్ విషయానికి వస్తే, 2,400 తూటాల దాకా వంద గజాల్లో అయిదు రంధ్రాలు ముప్పావు అంగుళంలో సర్దుకునేవి. తర్వాత అంగుళంన్నరకి పెరిగాయి. స్కోప్ వదులైందేమో అనుకుని రెండు నెలలు దాన్నే బిగించుకుంటూ కూర్చున్నాను. చివరికి గన్‌స్మిత్ బ్యారెల్‌లోకి కెమెరా దూర్చి చూపించాడు. తూటా కూర్చునే చోటు దాటగానే ఉక్కు మీద ఎండిపోయిన చెరువు అడుగులా నెర్రెలు. సన్నటి గొట్టంలోంచి అంత మందు కాలుతూ పోతే జరిగేది అదే. ఈ తూటాకి రెండు మూడు వేలకు బ్యారెల్ మార్చుకోవాల్సిందే. .308 అయితే అయిదు వేలు దాటినా లాగుతుంది. కొత్త బ్యారెల్, కూలీ కలిపి నాకు ఏడు వందల డాలర్ల పైనే అయింది. కొనేటప్పుడు ఎవరూ చెప్పని ఖర్చు ఇది.

2020, 2021 సంవత్సరాల్లో తూటాలే దొరకలేదు. షాపుల్లో అరలు ఖాళీ. ఉన్నప్పుడు మనిషికి ఒక్క పెట్టె. ఆ రెండేళ్లూ రేంజ్ మానేసి, ఉన్న మూడు పెట్టెల్నీ వేటకి దాచుకున్నాను.

2018లో వచ్చిన 6.5 పీఆర్‌సీ, 2022లో వచ్చిన 7 ఎంఎం పీఆర్‌సీ తూటాలు ఇంకా వేగంగా పోతాయి. తన్నూ ఎక్కువే, బ్యారెల్ అరిగేదీ ఇంకా త్వరగానే. కొలరాడోలో ఎల్క్ అనే పెద్ద జింక వేటకి పోయేవాళ్లకి 7 ఎంఎం అర్థం ఉన్న ఖర్చే. నేను పోలేదు, కొనలేదు.

బ్యారెల్ మార్చేటప్పుడు .308కి మారదామా అని వారం రోజులు ఆలోచించాను, ఆ టిక్కాలోనే అది కూడా పడుతుంది. చివరికి మళ్లీ 6.5 బ్యారెలే వేయించాను. ఏడాదిలో నేను కాల్చే ప్రతి పది తూటాల్లో తొమ్మిది రేంజ్‌లోనే ఖర్చవుతున్నాయని నోటుబుక్కు చెప్పింది. పందుల వారం వస్తే మాత్రం బావమరిది .308 అడిగి తీసుకుంటాను. వాడు పలక కాల్చాలనుకున్నప్పుడు నాది పట్టుకుపోతాడు, తూటాల డబ్బులు ఇవ్వడు.