తిరుపతిలో ఫొటోగ్రఫీ కోర్సుకు డబ్బు కట్టేముందు ఇది చదవండి

తిరుపతిలో వీకెండ్ ఫొటోగ్రఫీ కోర్సులో చేరాలనుకుంటున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ముఖ్యంగా డిగ్రీ అయిపోయి, పెళ్లిళ్ల ఫొటోలు నేర్చుకుని సొంత కాళ్ల మీద నిలబడదామనుకునే తమ్ముళ్లూ చెల్లెళ్లూ చదవండి. నేను చేరిన చోటు పేరు రాయడం లేదు. వాళ్ల పద్ధతి తెలిస్తే చాలు, ఇంకో బోర్డు కింద అదే కనిపించినా గుర్తుపడతారు.

పాంప్లెట్‌లో రాసింది పది మంది బ్యాచ్, స్టూడియో లైటింగ్, రకరకాల లెన్సులతో ప్రాక్టీస్, మోడల్‌తో పోర్ట్రెయిట్ (మనిషి ముఖం ప్రధానంగా తీసే ఫొటో) షూట్, చివర్లో సర్టిఫికెట్. ఫీజు 18,000 రూపాయలు, మొత్తం ముందే కట్టాలి. కట్టి లోపలికి వెళ్తే కుర్చీలు చాలనంత మంది. లైట్లు రెండే, అందులో ఒకదానికి ట్రిగ్గర్ (కెమెరా క్లిక్ చేయగానే లైటును వెలిగించేది) పనిచేయదు. పుత్తూరు నుంచి బస్సులో వచ్చే ఒక అబ్బాయి కోర్సు అయిపోయేదాకా ఆ లైట్లను చేత్తో ముట్టుకోలేదు. వాళ్ల నాన్న అప్పు చేసి ఫీజు కట్టారు. నా డబ్బు పోయినదానికన్నా అదే నాకు ఎక్కువ బాధ.

అసలు సంగతి రెండో వారం బయటపడింది. "కిట్ లెన్సుతో పోర్ట్రెయిట్ రాదు, 85 ఎంఎం ఉంటేనే బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ అవుతుంది" అని క్లాసంతా అదే మాట. కిట్ లెన్సు అంటే కెమెరాతో పాటు వచ్చేది, ఎంఎం అంకె పెరిగేకొద్దీ దూరంగా ఉన్నది దగ్గరగా కనిపిస్తుంది. ఆ తర్వాత క్లాసు చెప్పే సార్ బీరువాలోంచి పాత లెన్సులు బయటికి వచ్చాయి. "మన స్టూడెంట్స్‌కి మాత్రమే ఈ రేటు" అంటారు. బిల్లు అడిగితే "మన మధ్య బిల్లెందుకన్నా" అంటారు. క్లాసు పేరు చెప్పి పాత సామాను అమ్ముకోవడమే అక్కడ జరిగేది.

కిట్ లెన్సుతో పోర్ట్రెయిట్ రాదన్న మాట నిజం కాదు. మీ దగ్గరున్న 18-55 కిట్ లెన్సునే 55 దగ్గర పెట్టండి. మనిషికి దగ్గరగా వచ్చి, ఆ మనిషిని వెనక గోడకు పదిహేను ఇరవై అడుగుల దూరంలో నిలబెట్టండి. అపర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్ 5.6 లో ఉన్నా వెనకాల మెత్తబడుతుంది. ఇంకా కావాలంటే 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు చాలు, ఎఫ్ అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది, బ్లర్ పెరుగుతుంది. మామూలు క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) కెమెరా మీద అది ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరాలో 75, 80 ఎంఎం లెన్సు చూపించేంత ఫ్రేమే చూపిస్తుంది. 18 దగ్గర పెట్టి ముఖం మీదికి వెళ్తే ముక్కు పెద్దదిగా పడేది మనం మరీ దగ్గరికి వెళ్లడం వల్ల. నాలుగడుగులు వెనక్కి వచ్చి జూమ్ చేస్తే సరిపోతుంది. ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే సగం మంది లెన్సు కొనేవాళ్లే కాదు.

ఒక చెల్లెలు కొన్న లెన్సును ఆమె అడిగితే నేను చూశాను. అపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి సెల్‌ఫోన్ టార్చి వేస్తే లోపలి గాజు మీద సాలెగూడులాంటి తెల్లటి దారాలు. అది ఫంగస్. తేమలో పెరుగుతుంది, ముదిరితే గాజు మీది కోటింగును తినేస్తుంది, అప్పుడు శుభ్రం చేయించినా మచ్చ పోదు. పాత లెన్సు ఎవరి దగ్గర కొన్నా టార్చి వేసి చూడకుండా డబ్బు ఇవ్వద్దు. అపర్చర్ బ్లేడ్ల మీద నూనె మెరుపు ఉందా, ఫోకస్ రింగు పట్టేస్తోందా, లెన్సు మీది సీరియల్ నంబరూ బిల్లు మీదిదీ ఒకటేనా చూసుకోండి. బిల్లు లేకపోతే రేపు అది దొంగసొత్తు అని తేలినా మీరు చెప్పుకోవడానికి ఏమీ ఉండదు.

లైటింగ్ క్లాసు ఇంకా దారుణం. లైటును మూడు అడుగుల నుంచి ఆరు అడుగులకు జరిపితే ముఖం మీద పడే వెలుగు సగం కాదు, నాలుగో వంతుకు పడిపోతుంది. లైటు ముందు తెల్ల గుడ్డ ఉండే చిన్న సాఫ్ట్‌బాక్సునైనా దగ్గరికి తెస్తే నీడ మెత్తబడుతుంది. పెళ్లి మండపంలో పనిచేసేవాళ్లకు ఇవి అన్నం పెట్టే విషయాలు. ఆయన ఇవేవీ చెప్పలేదు. చామనఛాయ ముఖం కనబడితే రెండు స్టాపులు (అంటే నాలుగు రెట్లు వెలుగు) ఎక్కువ ఎక్స్‌పోజ్ చేయమన్నారు, "కస్టమర్‌కి తెల్లగా ఉంటేనే నచ్చుతుంది" అని. అలా కొడితే నుదురు, బుగ్గలు తెల్లగా కాలిపోతాయి, వాటిని ఎడిటింగ్‌లో కూడా తేలేము. పైగా పెళ్లికూతురు రంగును మార్చే హక్కు మనకెవరిచ్చారు?

పోర్ట్రెయిట్ షూట్ అని కపిలతీర్థం దగ్గరికి తీసుకెళ్లారు. మోడల్ లేరు. గుండు చేయించుకుని వస్తున్న పిల్లల్ని, తడి బట్టలతో ఉన్న ఆడవాళ్లని దూరం నుంచి జూమ్ చేసి తీయమన్నారు. నేనూ ఇంకొందరమూ కెమెరాలు బ్యాగులో పెట్టేశాం. అడిగి, రెండు మాటలు మాట్లాడి, వాళ్లు సరే అన్నాకే తీసేది పోర్ట్రెయిట్.

ఫీజు వెనక్కి అడిగితే "రసీదు వెనకాల చూడండి, ఫీజు తిరిగి ఇవ్వబడదు అని ఉంది" అన్నారు. అంతటితో ఊరుకోవాల్సిన పని లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, తెలుగులోనే మాట్లాడొచ్చు. అక్కడ తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు. కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే కోర్టు ఫీజు లేదు, గడువు రెండేళ్లు.

చేరేముందు ఒక డెమో క్లాసు అడగండి. మీ ఎదురుగా ఒక మనిషిని కూర్చోబెట్టి, ఒకే లైటుతో ఫొటో తీసి, ఏ సెట్టింగ్ ఎందుకు పెట్టారో చెప్పమనండి. నేర్పగలిగినవాళ్లు దానికి వెనకాడరు. బ్యాచ్‌లో ఎంతమంది, ఒక్కొక్కరికి లైటు దగ్గర ఎంతసేపు అన్నది రాతలో తీసుకోండి, ఫీజు విడతలుగా కడతామనండి. ఈలోగా ఇంట్లో కిటికీ పక్కన అమ్మనో నాన్ననో కూర్చోబెట్టి, రెండో వైపు తెల్ల థర్మాకోల్ షీటు పట్టుకుని తీసి చూడండి. పైసా ఖర్చు లేదు, కంట్లో మెరుపు ఎక్కడి నుంచి వస్తుందో అక్కడే తెలిసిపోతుంది.

మా బ్యాచ్‌లో ఉన్నవాళ్లు ఇది చూస్తే పాంప్లెట్, రసీదు, ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు డిలీట్ చేయకుండా ఉంచుకుని నాకు మెసేజ్ పెట్టండి. కమిషన్ అనుమతి తీసుకుని అందరం కలిపి ఒకే ఫిర్యాదు వేయొచ్చు. కాగితాలు నేను రాస్తాను, ఆ పుత్తూరు అబ్బాయి ఇప్పటికే సరే అన్నాడు.