సీఎస్‌సీఎస్ తెల్ల కార్డు: తనిఖీకి వెళ్ళే సేఫ్టీ నిపుణుడికి ఎంతవరకు పనికొస్తుంది?

బ్రిటన్‌లో ఒక నిర్మాణ స్థలానికి భద్రతా తనిఖీకి మొదటిసారి వెళ్ళినప్పుడు నా దగ్గర కార్డు లేదు. గేటు దగ్గర పేరు రాసుకున్నారు, ఇండక్షన్ (సైటులో పాటించాల్సిన జాగ్రత్తల పరిచయం) ఇచ్చారు, హెల్మెట్ మొదలుకొని బూట్ల దాకా అన్నీ సరిచూశారు, ఆపైన ఒక సూపర్‌వైజర్‌ను తోడిచ్చి లోపలికి పంపారు. మర్యాదలో ఏ లోటూ జరగలేదు. అయితే ఆయన నడిచిన దారినే నేనూ నడవాల్సి వచ్చింది. ఒకచోట రేకుల అడ్డు వెనుక కాంక్రీటు దిమ్మెలు కోస్తున్న రంపం చప్పుడు వినిపించింది, అడ్డు మీదుగా సన్నని తెల్లటి దుమ్ము లేస్తూ కనిపించింది. అటు వెళ్దామంటే, ఈ రోజు మన దారి అది కాదన్నారు. సందర్శకుడిగా వెళ్ళినవాడికి అంతకంటే అడిగే హక్కు లేదు. చూపించినవి మాత్రమే చూసి రాసిన నివేదికను తనిఖీ అనడానికి నాకు మనసు ఒప్పలేదు. అందుకే కార్డు తీసుకున్నాను.

సీఎస్‌సీఎస్ అంటే కన్‌స్ట్రక్షన్ స్కిల్స్ సర్టిఫికేషన్ స్కీమ్. 1995లో మొదలైంది. ఈ కార్డు ఉండాలని బ్రిటన్ చట్టాల్లో ఎక్కడా లేదు; కార్డు లేనివారిని లోపలికి రానివ్వకూడదని ప్రధాన కాంట్రాక్టర్లు, నిర్మాణం చేయిస్తున్న క్లయింట్లు తమంతట తాముగా పెట్టుకున్న కట్టుబాటు అది. కూలిపనికి ఆకుపచ్చ, నైపుణ్యం ఉన్న పనివారికి నీలం, సూపర్‌వైజర్లకు బంగారు రంగు, మేనేజర్లకు నలుపు ఇస్తారు. సందర్శకుల కోసమని ఒకప్పుడు ప్రత్యేకంగా ఇచ్చిన కార్డును తర్వాత తీసివేశారు. సందర్శకుడికి కార్డు అవసరం లేదనీ, అతని బాధ్యత సైటు మేనేజర్‌దేననీ ఇప్పటి పద్ధతి. కాబట్టి మనలాంటివారికి మిగిలినది తెల్ల కార్డు. అందులో రెండు రకాలున్నాయి. నిర్మాణరంగ డిగ్రీలు, నెబోష్ (భద్రతా కోర్సుల పరీక్షలు పెట్టే బ్రిటన్ సంస్థ) డిప్లొమా వంటి చదువులు ఉన్నవారికి అకడమికల్లీ క్వాలిఫైడ్ పర్సన్ కార్డు, గుర్తింపు పొందిన వృత్తి సంస్థల్లో అర్హత కలిగిన సభ్యత్వం ఉన్నవారికి ప్రొఫెషనల్లీ క్వాలిఫైడ్ పర్సన్ కార్డు ఇస్తారు. నాకు భద్రతా నిపుణుల వృత్తి సంస్థ ఐయోష్‌లో చార్టర్డ్ సభ్యత్వం ఉంది కనుక రెండోదానికి దరఖాస్తు చేశాను. హైదరాబాద్‌లోనో విశాఖలోనో నెబోష్ ఇంటర్నేషనల్ జనరల్ సర్టిఫికెట్ పూర్తిచేసి గల్ఫ్ మీదుగా బ్రిటన్ చేరిన మిత్రులు మాత్రం, అదొక్కటి ఉంటే తెల్ల కార్డు వచ్చేస్తుందని అనుకోకుండా, దరఖాస్తుకు ముందే సీఎస్‌సీఎస్ ప్రకటించిన అర్హతల జాబితాలో తమ చదువు ఉందో లేదో చూసుకోవాలి.

దాదాపు ఏ కార్డుకైనా ముందు సీఐటీబీ (బ్రిటన్ నిర్మాణరంగ శిక్షణ మండలి) నిర్వహించే ఆరోగ్య, భద్రత, పర్యావరణ పరీక్షలో నెగ్గాలి. కంప్యూటర్ మీద 45 నిమిషాల్లో 50 ప్రశ్నలకు జవాబివ్వాలి. నాలుగైదు తప్పులకు మించి అవకాశం లేదు. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్నవాడిని, చదవకుండానే రాయగలనని మొదట అనుకున్నాను. పుస్తకం తెరిచాక ఆ నమ్మకం నిలవలేదు. ప్రమాదాలు అక్కడివైనా ఇక్కడివైనా ఒకటే, తేడా అంతా అంకెల్లోనూ అలవాట్లలోనూ ఉంది. శబ్దం విషయంలో మన ఫ్యాక్టరీ నియమాల్లోని 90 డెసిబెల్స్, ఎనిమిది గంటల లెక్క మనకు కంఠస్థం. అక్కడ 80 దగ్గరే యజమాని బాధ్యత మొదలవుతుంది, 85 దాటితే చెవి రక్షణ తప్పనిసరి. ప్రమాదంలో దెబ్బ తిన్న కార్మికుడు 48 గంటలు పనికి రాలేకపోతే నోటీసు పంపాలని మన ఫ్యాక్టరీల చట్టంలో చదువుకున్నాం. అక్కడ ఏడు రోజులకు మించి మామూలు పని చేయలేకపోతే 15 రోజుల్లోగా నివేదించాలి. మనం 230 వోల్టుల డ్రిల్లింగ్ మెషీన్‌ను ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించి పని కానిచ్చేస్తాం. అక్కడి సైట్లలో చేతి పనిముట్లు 110 వోల్టుల మీద నడుస్తాయి, ఆ వైర్లూ ప్లగ్గులూ పసుపు రంగులో ఉంటాయి, అంత దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. రెండు మీటర్లు, అంతకు మించిన ఎత్తు నుంచి మనుషులు పడే ప్రమాదమున్న పరంజాను ఏడు రోజులకొకసారైనా తనిఖీ చేసి రాతపూర్వకంగా నమోదు చేయాలి.

అన్నిటికంటే ఎక్కువసేపు నన్ను కూర్చోబెట్టింది ఆస్బెస్టాస్ అధ్యాయం; పొడిగా పీలిస్తే ఊపిరితిత్తులను దెబ్బతీసే పీచు ఖనిజం అది. బ్రిటన్‌లో దాని వాడకాన్ని 1999లో పూర్తిగా నిషేధించారు. 2000కు ముందు కట్టిన ఏ భవనంలోనైనా అది ఉండవచ్చని భావించి, సర్వే చూడకుండా గోడకు ఒక రంధ్రం కూడా వేయనివ్వరు. మనమో, అదే ఆస్బెస్టాస్ కలిపిన సిమెంటు రేకుల కింద పుట్టి పెరిగినవాళ్ళం. వేసవిలో ఆ రేకుల మీదికెక్కి గడ్డి పరిచాం, విరిగిన ముక్కలను పొయ్యి పక్కన అడ్డుగా పెట్టుకున్నాం, సుత్తితో కొట్టి సైజు చేసుకున్నాం. ఆ ప్రశ్నలు చదువుతున్నంతసేపూ మా ఊళ్ళో రేకులు కోసే మేస్త్రీ, ఆయన మీసాల మీద పేరుకున్న బూడిదరంగు పొడి కళ్ళముందు మెదిలాయి. ఈ ఒక్క అధ్యాయాన్ని తెలుగులో అచ్చువేసి మన ఇనుప దుకాణాల్లో పంచితే ఎంత మేలు జరుగుతుందో అనిపించింది.

పరీక్ష బుక్ చేసుకునేటప్పుడు తెలుగువారు ప్రత్యేకంగా చూసుకోవలసింది పేరు. నా సభ్యత్వ పత్రంలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందుంది, పాస్‌పోర్టులో మాత్రం పూర్తిగా ఉంది. అలవాటుగా పత్రంలో ఉన్నట్టే బుక్ చేశాను. పరీక్ష హాలులో చూపించే గుర్తింపు పత్రంలోని పేరూ బుకింగ్‌లోని పేరూ ఒకటే కావాలన్న నిబంధన నాలుగు రోజుల ముందు కంటపడింది. వెంటనే ఫోన్ చేసి మార్పించుకున్నాను, ఆ తర్వాత సభ్యత్వ రికార్డును కూడా పాస్‌పోర్టు ప్రకారమే సరిచేయించుకున్నాను. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి, పేరంతా ఒకేచోట రాయించుకున్నవారు మనలో చాలామంది ఉన్నారు. వారు ఈ పని ఇంకా ముందుగా చూసుకోవడం మంచిది.

రెండో జాగ్రత్త మధ్యవర్తుల విషయంలో. కరీంనగర్ నుంచి కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్ చదవడానికి వచ్చిన ఒక తమ్ముడు ఒక సాయంత్రం ఫోన్ చేసి, "అన్నా, పరీక్ష పాసయ్యాను, తెల్ల కార్డు మాత్రం ఇవ్వలేమంటున్నారు" అన్నాడు. ఫలితపత్రం పంపించమని చూస్తే, అతను రాసింది పనివారికి పెట్టే ఆపరేటివ్స్ పరీక్ష. తెల్ల కార్డుకు కావలసింది మేనేజర్లు, ప్రొఫెషనల్స్ రాసే పరీక్ష. బుకింగ్ చేసిపెడతామన్న ఒక వెబ్‌సైటుకు అసలు రుసుముకు రెట్టింపు కట్టాడు, వారు చేతికందిన పరీక్ష బుక్ చేసి ఊరుకున్నారు. సీఐటీబీ సొంత వెబ్‌సైటులో నేరుగా బుక్ చేసుకోవడానికి పది నిమిషాలు చాలు. ఇందులో మధ్యవర్తి చేసిపెట్టగల పని ఏదీ లేదు.

ఖర్చు గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. నేను కట్టినప్పుడు పరీక్షకు 22.50 పౌండ్లు, కార్డుకు 36 పౌండ్లు, రెండూ కలిపి మన లెక్కలో ఆరు వేల రూపాయలకు కొంచెం పైన. కార్డు ఐదేళ్ళు చెల్లుతుంది. పరీక్ష ఫలితం రెండేళ్ళ వరకు పనికొస్తుంది కనుక, సభ్యత్వం పని తేలడం ఆలస్యమైనా పరీక్ష ముందే రాసిపెట్టుకోవచ్చు. ఆన్‌లైన్ దరఖాస్తు సాఫీగా సాగింది. కార్డును ఫోన్‌లో కూడా ఉంచుకునే వీలు నాకు బాగా నచ్చింది. సైటు బట్టల్లో పర్సు పెట్టుకోవడానికి చోటెక్కడ? అయితే ఇదే కార్డు ఐర్లాండ్‌లోనూ చాలుతుందని అనుకోకూడదు, అక్కడ సేఫ్ పాస్ అనే వేరే పద్ధతి ఉంది.

ఒక లోటు మాత్రం చెప్పి తీరాలి. ఆ కార్డు మీద నా సభ్యత్వం సంగతి ఉంటుంది, పరీక్ష నెగ్గానన్న హామీ ఉంటుంది, అంతే. నేను సొరంగాల పనిలో పెరిగినవాడినా, ఎత్తైన భవనాల పనిలో పెరిగినవాడినా అన్నది చూసేవారికి దాన్నిబట్టి తెలియదు. కూల్చివేత పనులు ఎన్నడూ చూడని నిపుణుడికీ అదే కార్డు, ముప్పై ఏళ్ళు అవే చూసినవాడికీ అదే కార్డు. అందుకని కార్డు చూశాక కూడా ఏయే పనులు చూసి వచ్చారని రెండు ప్రశ్నలు వేసే సైటు మేనేజర్లంటే నాకు గౌరవం. కార్డు ఉన్నా సరే తోడు లేనిదే పంపమనే అధికారం కూడా వారికి ఉంది.

కార్డు చేతికి వచ్చాక అదే సైటుకు రెండోసారి వెళ్ళాను. గేటు దగ్గర అమ్మాయి కార్డుకు తన ఫోన్ ఆనించింది, తెరమీద నా ఫొటో, గడువు తేదీ కనిపించాయి, నా ముఖం వైపు ఒకసారి చూసి తల ఊపింది. ఇండక్షన్ మళ్ళీ మొదటినుంచీ చెప్పారు. అది అలాగే జరగాలి, వారం తిరిగేసరికి సైటులో దారులే మారిపోతాయి. ఈసారి నా వెంట ఎవరినీ పంపలేదు. నేరుగా రేకుల అడ్డు వెనక్కి నడిచాను. పనివాడు మోకాలి మీద కూర్చుని దిమ్మె కోస్తున్నాడు. దుమ్మును అణచడానికి రంపానికి తగిలించవలసిన నీళ్ళ గొట్టం గోడవారగా చుట్ట చుట్టి ఉంది, ముఖానికి ఉన్న మాస్కు గడ్డం కిందికి జారి ఉంది. ఆపమని చెయ్యి చూపించాను. రంపం ఆగింది. సూపర్‌వైజర్ వచ్చాడు, గొట్టం తగిలించారు, మాస్కు ముఖానికి సరిగ్గా అతుకుతోందో లేదో నా ఎదుటే చూశారు. మళ్ళీ కోత మొదలైనప్పుడు దిమ్మె అంచు నుంచి దుమ్ముకు బదులు బూడిదరంగు నీరు కారింది.