నీళ్ల నిల్వకు పెద్ద డ్రమ్మా, చిన్న క్యాన్లా?

విపత్తు వేళ తాగడానికీ వంటకీ కలిపి మనిషికి రోజుకు సుమారు 4 లీటర్ల నీళ్లు దగ్గరుండాలి. నలుగురున్న ఇంటికి మూడు రోజులకు 48 లీటర్లు.

ఒకే డ్రమ్ములో పోస్తే చోటు కలిసొస్తుంది, నింపడమూ ఒక్కసారే. కానీ నిండాక అది 50 కిలోల బరువు. వరద గుమ్మం దాకా వస్తే మేడ మీదికి ఎవరు మోస్తారు? చెంబు ముంచిన ప్రతిసారీ చేతి మురికి అందులో కలుస్తుంది. పాడైతే మొత్తం పారబోయాల్సిందే.

5 లీటర్ల క్యాన్లయితే పది కావాలి. ఆరు నెలలకోసారి అన్నీ కడిగి, నీళ్లు మార్చి, మూతలు బిగించాలి. విసుగు పనే. అయినా పదేళ్ల పిల్ల కూడా ఒకటి పట్టుకుని మెట్లెక్కగలదు, ఒకటి కారిపోయినా తొమ్మిది మిగులుతాయి. నా ఓటు క్యాన్లకే. డ్రమ్ము ఇప్పటికే ఉంటే గిన్నెలకూ మరుగుదొడ్డికీ ఉంచుకోండి.